వానపాము చరిత్ర

రాజవంశముల చరిత్రలను, కోటల ముట్టడులను గూర్చి మీరు పెక్కు ప్రసంగములు వినియుందురు. నేడు నేను చెప్పబూనినది వానపాము చరిత్ర. కన్ను, చెవి, ఎముక, కాలు ఏదియు లేని ఈ ప్రాణికి చరిత్ర యేమని మీరు నవ్వవచ్చును. మన్నుక్రింద అది చేయు పనికి తేదీలు లేవన్నమాట నిజమే. కాని ఆ పనిని మనుష్యుడు కనుగొనిన విధమునకు తేదీలున్నవి, పేరులున్నవి, తగవులు గూడ నున్నవి. ఆ కథలో కొంతభాగము చెన్నపట్టణమున నడచినది. కొంత మారిషసు ద్వీపమునకు పోయినది. దాని కొస మా యూరి చెఱకుతోటలలో నేటికిని తెగక యున్నది.

మాది చిత్తూరు జిల్లా ఐరాల. కాణిపాకము మా మండలములోనిదే. కాణి యనగా నీరు పాఱు తడినేల యని ఆ యూరి పేరునకు పెద్దలు అర్థము చెప్పుదురు. పేరులో తడి యున్నను, మా సీమలో అధికభాగము రాతిగుట్టల నడుమ నొదిగిన ఎఱ్ఱనేల. చెఱువుల క్రిందను బావుల క్రిందను వరి, చెఱకు. మెట్టలలో వేరుసెనగ, మామిడి. ఇట్టి నేలలో తొలకరి యొక పండుగ. ఆరుద్ర కార్తెలో వాన పడిన సాయంకాలము దీపముచుట్టు ఉసుళ్ళు ముసరును. రెక్కలు రాల్చిన వానిని పోగుచేసి, పెనముమీద వేయించి, బొరుగులతో కలిపి తినువారు మా ప్రాంతమున ఇప్పటికిని కలరు. మఱునాటి యుదయమున ఎఱ్ఱమఖమలు తునుకలవలె ఆరుద్రపురుగులు నడచును. రోకలిబండలు, జెఱ్ఱులు, నత్తలు, తేళ్ళు వెలికి వచ్చును. గెనిమల ప్రక్క తడిమన్నుమీద, ఎవరో మురుకులు పిండి పోయినట్లు, చిన్న చిన్న మట్టిచుట్టలు కానవచ్చును. ఆ చుట్టలే వానపాము చేవ్రాలు.

ఈ ప్రాణులన్నిటికిని మన వాడుకలో ఒక్కటే మాట: పురుగు. రాత్రివేళ పేరెత్తుటకు జంకి పామును గూడ పురుగనియే యందుము. ఇందులకు మనము సిగ్గుపడనక్కఱలేదు. 1758లో స్వీడను దేశపు మహాశాస్త్రజ్ఞుడు లిన్నేయసు జంతువులను ఆఱు తరగతులుగా విభజించినప్పుడు, పాలిచ్చునవి, పక్షులు, ఉభయచరములు, చేపలు, కీటకములు పోగా మిగిలినదంతయు ‘క్రిములు’ అను ఒకే గంపలో వేసెను. నత్తయు, ముత్యపుచిప్పయు, వానపామును అందే పడినవి. ఆ గంపను గుమ్మరించి ఏఱినవాడు ఫ్రాన్సుదేశపు లామార్కు. 1793లో పారిసు వస్తుప్రదర్శనశాలలో పదవులు పంచునపుడు ‘కీటకములు, క్రిములు’ అను పీఠము అతనికి వచ్చెను. అతడంతవఱకు వృక్షశాస్త్రజ్ఞుడు, వయస్సు ఏబదేండ్లకు చేరువ. అయినను పూనికతో పనిచేసి, 1801లో ‘వెన్నెముక లేని జంతువులు’ అను విభాగమునకు పేరు నిలుచునట్టి గ్రంథము ప్రకటించెను. ఒడలు ఉంగరములు కూర్చినట్లుండు వానపాములను, జలగలను వేఱొక కుటుంబముగా చేసినవాడును అతడే.

మనవారు ఈ ప్రాణిని ఎఱుగకపోలేదు. అమరకోశమున దీనికి మహీలత, గండూపదము, కించులుకము అను పేరులున్నవి. మహీలత యనగా భూమిలోని తీగ. ఎంత యందమైన పేరు! రసశాస్త్రమున దీనిని భూనాగమనిరి. భూనాగములనుండి లోహసత్త్వమును తీయు విధానములను వ్రాసిరి. తెలుగున ఎఱ్ఱ యన్నను వానపామే. గాలమునకు గ్రుచ్చుటకు పిల్లలు దీనినే వెదకుదురు. వైద్యునికి మందు, జాలరికి ఎఱ, కవికి తీగ. అది మన్నును ఏమి చేయుచున్నదను ప్రశ్న మాత్రము మన గ్రంథములలో నాకు ఎదురుకాలేదు.

ఆ ప్రశ్నను ఇంగ్లండులో ఒక పల్లెటూరి మతగురువు లేవనెత్తెను. గిల్బర్టు వైటు అను నాతడు 1777లో వ్రాసిన యొక లేఖలో, వానపాములు లేనిచో నేల గట్టిపడి, గాలి నీరు చొరక, నిస్సారమగునని చెప్పెను. తోటమాలులు, రైతులు వానిని ద్వేషించుచుండిరనియు అందే వ్రాసెను. అతడు చెప్పినది నిజమే గాని లెక్క కట్టలేదు. లెక్క కట్టినవాడు డార్విను.

డార్విను పేరు వినగానే మనకు కోతియు మనుష్యుడును తలపునకు వత్తురు. అతడు నలువది యేండ్లకు పైగా వానపామును విడువలేదని చాలమంది యెఱుగరు. అతని మేనమామ జొసాయా వెడ్జ్‌వుడ్డు తన పొలములలో ఒక వింత చూపెను. కొన్నియేండ్ల క్రిందట పచ్చికమీద చల్లిన సున్నమును బొగ్గుకసవును ఇప్పుడు పైన కానరావు. త్రవ్విచూడగా కొన్ని అంగుళముల లోతున వరుసగా పేర్చినట్లున్నవి. వానపాములు క్రిందిమట్టిని పైకి తెచ్చి పోయుటచేతనే ఇట్లయినదని మేనమామ యూహ. డార్విను దీనిని 1837 నవంబరులో లండను భూగర్భశాస్త్ర పరిషత్తున చదివెను. (ఏడాది దాటిన పిమ్మట ఆ మేనమామ కూతునే పెండ్లాడెను. ఈ యొక్క విషయమున అతడు అచ్చముగా మనవాడే.) తరువాత తానే పరీక్షకు దిగెను. 1842 డిసెంబరున తన యింటిదగ్గఱి పొలములో సుద్దముక్కలు చల్లించెను. 1871 నవంబరులో, ఇరువదితొమ్మిదేండ్లకు, అడ్డముగ కందకము త్రవ్వించెను. సుద్దవరుస ఏడంగుళముల లోతున నుండెను. ఒక చిన్న సంగతి తేల్చుకొనుటకు ఇరువదితొమ్మిదేండ్లు కాచుకొనియుండుట నాకు, పంట కోతకు రాకమునుపే ధర యడుగు రైతుకు, మిక్కిలి యాశ్చర్యము గొలుపును.

ఇంతలో ఎదురుమాట రాకపోలేదు. ఇంత చిన్న, ఇంత బలహీనమైన ప్రాణి అంతపని చేయజాలదని 1869లో ఒక తోటపని పత్రికలో ఒకరు వ్రాసిరి. డార్విను దీనికి కినియలేదు గాని మఱువనులేదు. కొంచెము కొంచెముగా ఎడతెగక జరుగు పనిని కూడి చూచుట మనుష్యులకు చేతకాదనియు, భూగర్భశాస్త్రమును పరిణామవాదమును గూడ ఈ లోపమే అడ్డగించినదనియు అతని సమాధానము. రాత్రులయందు ఇంటిలో కుండలనిండ వానపాములను పెట్టి పరీక్షించెను. కుమారుడు వాద్యము ఊదెను, భార్య పియానో వాయించెను; వానికి వినికిడి లేదని తేలెను. కాని కుండను పియానోమీద పెట్టి మెట్టు నొక్కగానే, ఆ యదురునకు చటుక్కున బొఱియలో దూఱినవి. కాగితమును త్రిభుజాకారముగ కత్తిరించి 303 ముక్కలు వేయగా, నూటికి 62 ముక్కలను అవి సన్నని కొననే పట్టి లోనికి లాగినవి. ఇఱుకు వాకిలిలోనికి మంచమును ఏ ప్రక్కనుండి దూర్చవలెనో మనము ఆలోచింపమా, అట్లే. 1881 అక్టోబరులో ఇదంతయు గ్రంథముగా వెలువడెను. ఇంగ్లండులో పెక్కుచోట్ల ఎకరమునకు ఏడాదికి పది టన్నులకు పైబడిన మన్ను వానపాముల కడుపుగుండ పోవుచున్నదని అతడు కట్టిన లెక్క. అదే అతని కడపటి గ్రంథము; 1882 ఏప్రిలులో మరణించెను.

ఆ గ్రంథములో మన దేశపు మట్టియు నున్నది. కలకత్తా వృక్షోద్యానమున అధ్యక్షుడుగ నుండిన జార్జి కింగు, కలకత్తానుండియు నీలగిరులనుండియు పెద్ద పెద్ద మట్టిచుట్టలను డార్వినునకు పంపెను. వాని బొమ్మలు అందు అచ్చుపడినవి. వానిలో కొన్ని గోపురములవలె నుండును.

డార్విను పోయిన కొలది యేండ్లకే ఈ పని చెన్నపట్టణమునకు వచ్చెను. ప్రెసిడెన్సీ కళాశాలలో జీవశాస్త్రాచార్యుడైన ఆల్ఫ్రెడు గిబ్సు బోర్ను, 1886లో నీలగిరి, సేర్వరాయను కొండల వానపాములను వర్ణించి లండను పరిషత్తునకు పంపెను. అప్పటికి చిత్తూరు జిల్లా లేదు. అది యేర్పడినది 1911లో. మా ఐరాల ఉత్తర ఆర్కాటులోనిది. బోర్ను మఱియొక పనికిని మన ప్రాంతపు బాలురందఱు అతనికి ఋణపడియున్నారు. తేలుచుట్టు నిప్పుపెట్టినచో అది తన కొండితో తన్నుతానే పొడుచుకొని చచ్చునని నేను చిన్ననాట విన్నాను, మీరును వినియుందురు. ఐరోపాలోను ఈ నమ్మకముండెను. బోర్ను పరీక్షలు జరిపి, తేలు విషము ఆ తేలును గాని దాని జాతితేళ్ళను గాని చంపజాలదనియు, వేడిమికే అది త్వరగా చచ్చుననియు 1887లో ప్రకటించెను. ఇట్లు తేలునకు ఆత్మహత్యాదోషము తొలగెను. ఈయన 1915 మొదలు 1921 వఱకు బెంగుళూరు విజ్ఞానశాస్త్ర సంస్థకు అధ్యక్షుడుగ గూడ నుండెను.

ఇక మన వానపాము పేరు సంగతి. దక్షిణ హిందూదేశపు పొలములలో మిక్కిలి విరివిగ కానవచ్చు జాతిని శాస్త్రజ్ఞులు లాంపిటో మారిషియై అందురు. కొంతకాలము పాఠ్యగ్రంథములలో మెగాస్కోలెక్సు అను పేర నుండెను. మన కాలిక్రిందనున్న ప్రాణికి మారిషసు ద్వీపము పేరేల? 1851 మొదలు 1853 వఱకు యుజీనీ యను స్వీడను యుద్ధనౌక భూప్రదక్షిణము చేసెను. దానిలోని వైద్యుడు కిన్‌బెర్గు మారిషసునుండి కొనిపోయిన వానపామును, తరువాతి దశాబ్దమున వర్ణించి ఆ పేరు పెట్టెను. ఆ నౌక పోవుటకు పదునైదేండ్లకు పైగా మునుపే మన తెలుగువారు ఆ ద్వీపపు చెఱకుతోటలకు కూలికి పోవుచుండిరి. కోరంగి రేవునుండి వచ్చిరి గనుక వారిని అచట కోరంగీలనిరి. మొక్కల వేళ్ళకంటిన మట్టితో ఇట్టి ప్రాణులు సముద్రములు దాటుట శాస్త్రజ్ఞులెఱిగినదే. చెఱకుతోటలకు పోయిన తెలుగువానికి ద్వీపమువారు రేవు పేరు పెట్టిరి. మన నేలలోని వానపామునకు నౌకలోనివాడు ద్వీపము పేరు పెట్టెను. పేరు పెట్టువాడు ఎచ్చట దిగునో అచ్చటి పేరే నిలిచినది.

లాహోరు ప్రభుత్వ కళాశాలలో ఆచార్యుడైన స్టీఫెన్‌సను, హిందూదేశపు వానపాములనన్నిటిని కూర్చి 1923లో పెద్ద గ్రంథము వెలువరించెను. నేడు మన దేశమున నాలుగు వందలకు పైబడిన జాతులు లెక్కకు వచ్చినవి. ఆ జాబితాలను దాటి మన యెండలకు సంబంధించిన రహస్యమును కనుగొనినవాడు లక్నోలో ఆచార్యుడైన కరమ్ నారాయణ బహల్. దానిని కొంచెము వివరింతును.

వానపామునకు ఊపిరితిత్తులు లేవు, చర్మమే ఊపిరి. చర్మము తడిగ నున్నంతవఱకే ప్రాణము. మన మూత్రపిండములవలె వ్యర్థమును వడగట్టు సన్నని గొట్టములు దాని యొడలినిండ నుండును. ఐరోపా వానపాములందు ఇవి చర్మముగుండ వెలికి తెఱచుకొనును. అచ్చట వానకు కొదవలేదు, నీరు పోయిన పోవుగాక. బహల్ 1919లో ఫెరటిమా యను మన దేశపు వానపామునందు ఈ గొట్టములలో పెక్కు ప్రేగులోనికే తెఱచుకొనుటను కనుగొనెను. 1924లో లాంపిటోయందును అట్లేయని చూపెను. వ్యర్థముతో వచ్చిన నీరు ప్రేగులో మఱల ఒంటికి పట్టును. ఒక చుక్కను రెండుసార్లు వాడుకొను నేర్పు ఇది. బావులు ఇంకిన వేసవిలో మా స్త్రీలు పాత్రలు తోమిన నీటినే గుమ్మడిపాదునకు మళ్ళించుట చూచినవారికి ఈ యేర్పాటు సులభముగ బోధపడును. ఆ బహల్ 1926లో ఫెరటిమాను గూర్చి వ్రాసిన గ్రంథము ఎన్నో తరముల విద్యార్థుల చేతులలో నలిగెను.

దాని సంసారము గూడ విలక్షణము. ప్రతి వానపామును ఆడుదియే, మగదియే; అయినను రెండు కలిసి ఒకదానికొకటి బీజమిచ్చుకొనును. మెడక్రింద ఉంగరమువలె కానవచ్చు మందమైన పట్టీనుండి ఊరిన పదార్థము తొడుగుగ బిగిసి, గ్రుడ్లతో తలమీదుగ జాఱి, మన్నులో చిన్న సంచియగును. లాంపిటోయందు సుమారు నెలదినములకు పిల్ల వెలికి వచ్చును. గుప్పెడు మన్నును నీట కలిపి వడకట్టినచో ఆవగింజలవంటి ఈ సంచులను మీరును చూడవచ్చును.

ఇంతచెప్పి మెట్టపొలమును విడిచిన న్యాయము కాదు. డార్విను లెక్క తడిసిన ఇంగ్లండు పచ్చికది. ఏడాదిలో ఎన్నో నెలలు ఎండియుండు మా ఎఱ్ఱమెట్టలో వానపాము లోతునకు దిగి ముడుచుకొని పడియుండును. ఆ కాలమున మన్నును త్రిప్పునది చెద. పుట్ట యనగా మనకు నాగులచవితి, పాలు, పసుపు. పెండ్లికి మునుపు పుట్టమన్ను తెచ్చు ఆచారము మనలో పలువురికి గలదు. ఆ పుట్టను కట్టినది పాము కాదు, చెదపురుగు. లోతునుండి జిగటమన్నును పైకి తెచ్చి, లోపల ఆకును కొయ్యను నమిలిన ముద్దలమీద బూజును సాగుచేసి తినును. వానకు పుట్టమీద మొలచు పుట్టగొడుగులు ఆ సాగులో పైకి పొడిచిన మొలకలే. వీనిని గూర్చి మొదట వ్రాసినవారిలో ఒకడు కోనిగ్ అను వైద్యుడు. లిన్నేయసు శిష్యుడు, 1768లో తరంగంబాడికి వచ్చి, కొంతకాలము ఆర్కాటు నవాబు కొలువున నుండి, తంజావూరు సీమలోని చెదలను గూర్చి 1779లో వ్యాసము ప్రకటించెను. 1785లో కాకినాడ ప్రక్క జగన్నాథపురమున మరణించెను. నా మట్టుకు నాకు, మా సీమ మన్నుచరిత్రలో వానపామునకు మాగాణియు చెదకు మెట్టయు పంచియిచ్చుట ధర్మమని తోచును.

ఇరువదవ శతాబ్దపు నడుమ కథ మలుపు తిరిగెను. అమెరికాలో ఎల్ము చెట్ల తెగులు మాన్పుటకు డీడీటీ చల్లిరి. ఆకులు రాలినవి, వానపాములు ఆ యాకులను తినినవి, అవి చావలేదు గాని విషమును ఒంట దాచుకొనినవి. వసంతమున వానిని తినిన రాబిను పక్షులు గుంపులుగ చచ్చినవి. ఇల్లినాయిసులో రాయ్ బార్కరు 1958లో ఈ గొలుసును బయటపెట్టెను. 1962లో రేచెల్ కార్సను గ్రంథము దానిని లోకమున చాటెను. మన పొలములలో చల్లు కార్బోఫ్యురాన్ గుళికల సంగతి ఇంతకంటె సూటియైనది. అవి వానపామును నేరుగనే చంపును.

ఆ తరువాత వానపాము అంగటికి వచ్చెను. పేడను చెత్తను ఎరువుగ మార్చుటకు రెండు పరదేశపు జాతులు మన దేశమున వ్యాపించినవి: ఐరోపానుండి ఐసీనియా ఫెటిడా, పశ్చిమాఫ్రికానుండి యూడ్రిలసు యుజీనియే. ఎరువు తొట్లలో ఇవి చక్కగ పనిచేయును, సందేహము లేదు. కాని ఇవి పైపొర చెత్తలో బ్రతుకు ప్రాణులు. గట్టినేలను తొలుచుకొని కాపురముండునవి కావు. ఈ భేదము తెలియక సొమ్ము పోగొట్టుకొనినవారిని నేనెఱుగుదును. మా ప్రక్కతోట మామ యొకరు, నాకు వరుసకు మామయే, వీనిని తూకమునకు కొని తెచ్చి చెఱకుతోటలో విడిచెను. ఆయన మాటలలోనే చెప్పెదను.

“ఏమబ్బోడా, ఇన్ని దుడ్లు పెట్టి తెచ్చి తోటలో ఇడిస్తి. నెలకంతా ఒగటీ కనపళ్ళేదే!”

“మామా, అవి పేడకుప్పలో బతికేవి. మన మన్నులో నిలవవు,” అంటిని.

ఆయన కొంతసేపు ఊరకుండి, “సరే, మా నాయన కాలంలో పార ఏస్తే పది లేస్తా ఉండె. మన్నులో ఉండే అవి యాడికి పొయినాయ్?” అని యడిగెను.

డార్విను, బోర్ను, బహల్ ముగ్గురి గ్రంథములకంటె ఈ ప్రశ్న నన్నెక్కువ కుదిపినది. ప్రత్యుత్తరము తోటలోనే యుండెను. చెఱకు నఱికిన పిమ్మట ఎండాకును ఏటేట తగులబెట్టుచున్నాము. వానపామునకు తిండియు అదే, నీడయు అదే. పశువులు తగ్గి పేడయెరువు పోయినది. మోళ్ళు మఱల చిగిర్చు కార్శి తోటకు గుళికలు చల్లుచున్నాము. చెఱువు నిండని యేండ్లలో బోరు నీరు మొదళ్ళకు మాత్రమే యందును; నడుమనున్న నేల ఎండి పెడ్డలగును. ఇన్నిటిని తట్టుకొని ఎక్కడనో లోతున మిగిలిన కొన్ని లాంపిటోలకు, ఒక చుక్కను రెండుసార్లు వాడుకొను ఆ ప్రేగే దిక్కు.

మామ సులభముగ ఒప్పుకొను మనిషి కాడు. ఆకు తగులబెట్టనిచో ఎలుకలు చేరుననియు, నీరు కట్టుట కష్టమనియు వాదించెను; అందు కొంత నిజమున్నది. తుదకు బావిప్రక్కనున్న పది సెంట్లలో మాత్రము ఎండాకును సాళ్ళనడుమ పఱచి, గుళికలు చల్లక, రెండు పంటలు చూచెదనని యంగీకరించెను. మొదటియేట ఏమియు కానరాలేదు. నన్ను చూచినప్పుడెల్ల ఆ మాట ఎత్తి నవ్వెడివాడు. రెండవయేట కార్తికమాసమున, ఈశాన్యపు వానలు పట్టిన వారమునకు, తెల్లవాఱకముందే వచ్చి నన్ను లేపి తోటకు తీసికొనిపోయెను. చేతిలోని దీపమును వంచి చూపెను. పఱచిన యాకుక్రింద, తడిమన్నుమీద, మురుకు చుట్టలు. మేము ఇరువురము కూర్చుండి వానిని లెక్కించితిమి. ఒక మూరెడు చదరమున పదునేడు. గెనిమకు ఆవలి తోటలో ఒకటియు లేదు.